నాయన లావయిన పంతొమ్మిది రోజులు

ఇవాళ పొద్దున ఏడున్నరకు బీరువాలో చీరలన్నీ తీసి మేడ మీద ఎండకు వేశాను. ఏటా పంగుణి, అంటే మార్చి నడిమిలో మొదలయ్యే తమిళ నెల, మొదటి ఆదివారం చేసే పని ఇది. ఈ ఏడాది చీరలు ముప్పై నాలుగు. పోయిన ఏడాది ముప్పై ఆరు, రెండు చిరిగి కిటికీ తెరలయ్యాయి. కోవిల్‌పట్టి ఎండ ఈ నెల మొదట్లో ఇంకా మనిషిని కొట్టదు, ఒళ్ళో పడుకున్న పిల్లిలా వెచ్చగా ఉంటుంది. నల్లరేగడి చేల మీదుగా వచ్చే గాలికి చీరలు ఊపిరి తీసుకుంటున్నట్టు లేచి దిగుతుంటే నేను నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని లెక్క సరిచూసుకుంటున్నాను. ఇరవై ఏడోది వంగపండు రంగు చీర. పిట్టగోడ అవతల బట్టలు ఆరేస్తున్న పక్కింటామె దాన్ని చూసి ఆగిపోయింది. "ఏంటక్కా, ఈ అంచు సగం ఒక మాదిరి, సగం ఇంకో మాదిరి ఉంది? నేతలో తప్పా?" అని తమిళంలో అడిగింది. నేను చెప్పడం మొదలుపెట్టేలోపు వాళ్ళింట్లో కుక్కర్ కూత పెట్టింది, ఆమె దిగిపోయింది. చెప్పాలనుకున్నది నా దగ్గరే మిగిలింది. అందుకని కాగితం తీశాను. తెలుగు అక్షరాలు నేను యాభై దాటాక నేర్చుకున్నవి, నిదానంగా రాస్తాను.

ఆ చీర అంచులో రుద్రాక్ష పూసలు వరుసగా ఉంటాయి. ఒక వైపు అంచులో మొత్తం ఐదు వందల యాభై. మొదటి రెండు వందల పన్నెండు పూసలు వేపకాయల్లా కోలగా ఉంటాయి. తక్కిన మూడు వందల ముప్పై ఎనిమిది పూసలు గుండ్రంగా ఉంటాయి. ఆ రెంటి మధ్య నూలు మారలేదు, రంగు మారలేదు, మగ్గం మారలేదు. మధ్యలో ఒక మంగళవారం ఉంది, అంతే.

మా నాయన విరుదునగర్‌లో మగ్గం మీద బతికిన మనిషి. చొక్కా విప్పితే పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు, నేను లెక్కపెట్టేదాన్ని కూడా. అంచుల్లో నేసే బొమ్మల్ని ముందు గళ్ళ కాగితం మీద గీసేవాడు. ఒక గడి అంటే ఒక పోగు. నేనూ చెల్లెలూ ఆ కాగితానికి చెరో పక్క కూర్చునేవాళ్ళం. నేను గళ్ళు లెక్కపెట్టి చెప్పాలి. చెల్లెలు దూరంగా జరిగి, కళ్ళు చికిలించి, బొమ్మ బాగుందో లేదో చెప్పాలి. నా లెక్క సరిపోయినా అది పెదవి విరిచిందంటే నాయన రబ్బరు తీసుకునేవాడు. "నాకు పెద్దది లెక్క, చిన్నది కన్ను" అని ఇంటికి వచ్చిన వాళ్ళందరికీ చెప్పేవాడు. చెరిపేది ఎప్పుడూ నా లెక్కనే గనక నాకు కొంచెం కోపంగా ఉండేది. నాకిప్పుడు డెబ్భై రెండేళ్ళు. ఆ కోపం కొంచెం ఇప్పటికీ ఉంది.

నేను పెళ్ళై కోవిల్‌పట్టి వచ్చి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో చేరాను. ముప్పై ఒక్క ఏళ్ళు లేబుళ్ళు తనిఖీ చేశాను. నెమలి, తామర, ఉదయించే సూర్యుడు. సూర్యుడు వెంట్రుక వాసి వంకరగా అచ్చయినా ఆ కట్ట పక్కకు పెట్టేదాన్ని. అప్పటి ఉక్కు స్కేలు, భూతద్దం ఇప్పటికీ నా చేతిసంచిలోనే ఉంటాయి. పెళ్ళిళ్ళకు కూడా తీసుకెళ్తానని మా ఇంటాయన నవ్వుతారు. చెల్లెలు మాత్రం విరుదునగర్ దాటి పోలేదు. నేతగాళ్ళ ఇంట్లోనే పడింది, ఇంటి వెనక షెడ్డులో పవర్‌లూమ్ మగ్గాలు, ముందు గదిలో దాని డిజైను బల్ల. గళ్ళ కాగితం పోయి కంప్యూటర్ వచ్చింది. డిజైన్ల కోసం పెద్ద తెర, దానికి సరిపడా గ్రాఫిక్స్ కార్డు వేయించుకున్నారు. కాగితం మీద పెన్సిలుతో చేసినదే ఇప్పుడు మౌసుతో చేసేది. అయ్యాక దూరంగా జరిగి, కళ్ళు చికిలించి చూసేది. ఆ చికిలింపు మారలేదు. తెర వెనక బొమ్మగా నాయన ఫొటో పెట్టుకుంది. పొద్దున కంప్యూటర్ వెలిగించగానే ఆయన కనబడతాడు, ఆమె ఒకసారి తల ఊపి పని మొదలుపెడుతుంది.

మూడేళ్ళ కిందట, పంగుణి ఇరవయ్యో తేదీ సోమవారం, పౌర్ణమి. దీపాలు పెట్టే వేళ చెల్లెలు ఫోను చేసింది.

"అక్కా, మేడ మీదికి పోయి నిలా సూడు. నీకు గుండ్రంగనే ఉండాదా?"

మేం చంద్రుణ్ణి నిలా అనే అంటాం. నేను ఫోను చెవికి పెట్టుకునే పైకెక్కాను. రేగడి చేలకు అవతల, పత్తి ఏరేసిన మోళ్ళ మీద, ఇత్తడి పళ్ళెంలా లేస్తున్నాడు.

"గుండ్రంగా కాక, నీ మొగుడి తలకాయ మాదిరి ఉంటాదా? యాల అడిగితివి?"

నవ్వలేదు. "సుమ్మా అడిగితి" అంది. అంటే ఊరికే అని. నాకు తెలిసి నా చెల్లెలు ఊరికే ఏదీ అడగలేదు.  ఫోను పెట్టేశాక కూడా నేను మేడ మీదే నిలబడ్డాను. చంద్రుడు అంత గుండ్రంగా ఉండడం చూసి నాకు మొదటిసారి భయం వేసింది.

మర్నాడు పొద్దున రైలెక్కాను. కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్‌కు మధ్యలో సాత్తూరు ఒక్కటే నాకు లెక్క. అక్కడ కిటికీలోంచి దోసకాయలు అందిస్తారు, నాలుగుగా చీల్చి కారం రాసినవి. ఆ రోజు కొనలేదు. ఎండకు దూరంగా నేల నీళ్ళలా మెరుస్తోంది, ఆ నీళ్ళలో తాటిచెట్లు తలకిందులుగా ఊగుతున్నాయి. ఉన్న చెట్టూ లేని నీళ్ళూ ఒకే మాదిరి కనిపిస్తుంటే, చెల్లెలికి ఒక కంట్లో శుక్లం తీసి ఐదు నెలలేగదా అయింది, రెండోది ఇంకా తీయలేదుగదా అని వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంటూ కునుకు తీశాను. కలలో నాయన గళ్ళ కాగితం మీద నడుస్తున్నాడు. ఒక్కో అడుగుకు ఒక్కో గడి.

ఇంట్లోకి వెళ్ళేసరికి మా మరిది, అంటే చెల్లెలి భర్త, గుమ్మంలోనే చెప్పేశాడు. మంచి మనిషి, గొంతు మాత్రం మగ్గాల మీదుగా అరవడానికి అలవాటు పడింది. "వదినా, సూడు, ఈమె కన్ను పాపం అలిసిపోయినాది. ఇంకేల కష్టం? శుక్రవారం నుంచి డిజైను బయట ఇచ్చేస్తాం. ఆ కంప్యూటర్ పెట్టెను ఎత్తి అటక మీద పెడతాం." సంగతేమిటంటే, పది రోజుల కిందట చెల్లెలు రుద్రాక్ష పూసను తెర మీద మళ్ళీ దిద్దింది. ఆ డిజైనుకు అట్టలు, అంటే ఏ పోగు లేవాలో మగ్గానికి చెప్పే చిల్లుల అట్టలు, కొట్టించి మగ్గానికి ఎక్కించారు. నేసి చూస్తే పూసలు కోలగా వచ్చాయి. నలభై ఏళ్ళలో దాని చేతిలో ఒక్క అంచు వంకరపోలేదు.

చెల్లెలు ముందు గదిలో తెర ముందు కూర్చుని ఉంది, మౌసు మీద చెయ్యి లేదు. కిటికీలోంచి పడ్డ ఎండలో నూలు దూది పొడి నిదానంగా తేలుతోంది. నన్ను చూసి, "దోసకాయ తేలేదా?" అంది. నేను దాని వంక కాదు, తెర వంక చూశాను.

"నాయన ఎప్పుడు ఇంత లావయినాడు?" అన్నాను.

తెర మీద నాయన ఎవరో కిరాణా కొట్టు యజమానిలా ఉన్నాడు. బుగ్గలు నిండాయి, మెడ లేదు, చెవులు అటు ఇటు జరిగాయి. బతికి ఉండగా ఎన్నడూ కడుపునిండా తినని మనిషి, పోయిన ఇన్నేళ్ళకు తిని లేచినట్టున్నాడు. చూడటానికి బాగానే ఉంది కూడా. మరిది వచ్చి చూసి, "ఫొటోలో మామ అట్లే దా ఉంటాడు" అన్నాడు, అంటే అట్లాగే ఉంటాడని. రోజూ చూసేవాళ్ళకు మనిషి మెల్లగా మారిపోతే తెలియదు. ఒక రాత్రిలో మారినా తెలియదని అప్పుడు తెలిసింది.

అదే ఫొటో చట్రం కట్టి గోడకు వేలాడుతోంది. స్కేలు తీశాను. గోడ మీద నాయన ముఖం చెవి నుంచి చెవికి ఆరు సెంటీమీటర్లు, నుదురు నుంచి గడ్డానికి తొమ్మిది. తెర మీద నుదురు నుంచి గడ్డానికి పదమూడున్నర. ఆ లెక్కన చెవి నుంచి చెవికి తొమ్మిది ఉండాలి. పన్నెండు ఉంది. సరిగ్గా మూడో వంతు ఎక్కువ. తెర మూలన గడియారం బొమ్మ ఉన్న గుండ్రటి గుర్తును కొలిచాను, నిలువు కన్నా అడ్డం అదీ మూడో వంతు ఎక్కువ. చెల్లెలు ఎప్పుడో గీసిన దోసకాయ బండి బొమ్మ తెరిపించి దాని చక్రాన్ని కొలిచాను. అన్నీ ఒకే లెక్కన అడ్డంగా సాగాయి.

"నీ కన్ను ఒకటి ఎక్కువ చూస్తే ఒకటి తక్కువ చూడాల. అన్నింటినీ మూడో వంతు సాగదీసి చూసే కన్ను ఏ ఊళ్ళోనూ లేదు" అన్నాను. "నా స్కేలుకు కూడా శుక్లం వచ్చిందా?"

చెల్లెలు అప్పుడు ఏడ్చింది, చప్పుడు లేకుండా. తెర మీద పూస బలిసినట్టు కనిపించిందట. గళ్ళ లెక్క చూస్తే నాయన లెక్కే. లెక్కా కన్నూ పోట్లాడుకుంటే కన్ను మాటే నమ్మాలని నాయన నేర్పాడు గనక పూసను సన్నం చేసింది. బట్ట మీద అది కోలగా వచ్చింది. "లెక్క సరి అనేసి కన్ను తప్పు అనేసి, నేనే దా తప్పు అనుకుంటి అక్కా" అంది. పళ్ళేలు చూసుకుందట, గాజులు చూసుకుందట, అన్నీ గుండ్రంగానే ఉన్నాయి. అయినా నమ్మకం రాలేదు. "పళ్ళెం గుండ్రమని మనసుకు ముందే తెలుసు కదా, అదే సరిచేసుకుంటా ఉండాదేమో. కొత్తగా గీసేది దా కన్నుకు పరీక్ష." అలా, తన కంటికీ నా కంటికీ ఒకేసారి అందే చంద్రుడి దాకా వెళ్ళింది.

ఇంతమంది నేతగాళ్ళున్న ఇంట్లో ఒక్కరూ తెరను అనుమానించలేదేమని నేను తర్వాత చాలాసార్లు ఆలోచించాను. మా పనిలో గడి ఎప్పుడూ నలుచదరం కాదు. నూలును బట్టి ఒక రోజు నిలువు గడి, ఒక రోజు అడ్డ గడి. గళ్ళు సాగి కనిపిస్తే ఈ నూలుకు ఇంతే కాబోలు అనుకుంటారు. ఇంకొకటి కూడా ఉంది, అది మరిది నోట్లోంచే వచ్చింది. "వదినా, పోగు తెగితే మగ్గం తానే నిలిచిపోతాది. నడస్తా ఉండాదంటే తప్పు లేదని దా అర్థం." పోగు తెగినా ఆగకుండా, ఏమీ జరగనట్టు అందంగా అబద్ధం చెప్పే మెషిన్ను వాళ్ళు పుట్టి ఎరగరు.

మధ్యాహ్నం చెల్లెలి కోడలు ఆసుపత్రిలో మందులిచ్చే డ్యూటీ ముగించుకుని వచ్చింది. చెయ్యి కడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చుని, తెర కొలతలు మార్చే చోటికి వెళ్ళింది. ఉండాల్సిన కొలత ఆ జాబితాలో లేనే లేదు. ఆపి మళ్ళీ వెలిగించింది. నాయన అలాగే బలిసి ఉన్నాడు. లోపలి భాగాల పేర్లుండే పట్టీ తెరిచి చూసి నవ్వింది.

"పెద్దత్తా, దీనికి గ్రాఫిక్స్ కార్డు పేరే తెలీదంట. 'ఏదో ఒక డిస్‌ప్లే' అని రాసుకోనుండాది. ఇంట్లో అల్లుణ్ణి చూసి 'ఎవురో ఒకాయన వచ్చినాడు' అన్నట్ట."

కార్డుతో మాట్లాడే డ్రైవర్ అనే ప్రోగ్రామ్ ఒకటి ఉంటుందని, అది పోతే కంప్యూటర్ ఏదో ఒక కొలతతో బొమ్మను చూపి తెర నిండా సాగదీస్తుందని చెప్పింది. తెర అంచులు మసగ్గా, అక్షరాలు ఉబ్బినట్టు ఉన్నది అందుకే. ఎప్పటి నుంచి అని అడిగాను. తనంతట తాను మార్చుకున్న వాటి జాబితా కంప్యూటర్ దాచుకుంటుందట. అందులోని ఇంగ్లీషు తేదీని పంచాంగంతో పోల్చాను. పంగుణి మూడు, శుక్రవారం. ఆ రోజు నుంచి ఇరవై ఒకటో తేదీ మంగళవారం దాకా, రెండు కొసలూ కలిపి పంతొమ్మిది రోజులు. నా డైరీలో రాసుకున్నాను. చెల్లెలు డైరీ తన వైపు తిప్పుకుని ఆ అంకె చదివింది.

పాత డ్రైవర్‌కు వెనక్కి వెళ్ళే బటన్ ఉంది గాని వెలిసిపోయి ఉంది, నొక్కితే కదలలేదు. కోడలు ఫోను నుంచి నెట్ ఇచ్చి, కార్డు ఫలానాదై ఉంటుందని ఊహించి ఒక డ్రైవర్ దించింది. నలభై నిమిషాలు పట్టింది. తీరా ఎక్కిస్తే, ఈ కార్డు అది కాదు పొమ్మంది. ఇంకొకటి ఊహిస్తానంది. నాకు ఊహించే వాళ్ళతో పడదు. "పెట్టె విప్పు. దాని పేరు దాని ఒంటి మీదే ఉంటుంది" అన్నాను.

కరెంటు తీసేసి పక్క రేకు విప్పాం. లోపల ఇంకో ఊరు ఉంది. ఏళ్ళ తరబడి షెడ్డులోంచి గాలికి వచ్చిన నూలు పొడి, ప్రతి చీరకూ రాలిన రంగు రంగుల పొడి, మెత్తటి పరుపులా పేరుకుపోయింది. కార్డు మీది చిన్న ఫ్యాను ఆ పరుపులో పక్షిపిల్లలా కూరుకుపోయి ఉంది. ఎర్రటి పొడి, పచ్చటి పొడి, ఒక చోట ఈ వంగపండు రంగుది కూడా. ఒక్క ఊపిరి గట్టిగా వదిలితే చాలు, గదంతా వాలని రంగులు. ముగ్గురు ఆడవాళ్ళం కాసేపు పని మానేసి ఆ ఎండలో తేలుతున్న పాత చీరల్ని చూస్తూ కూర్చున్నాం. చెల్లెలు ఒక్కో రంగుకూ ఎవరి పెళ్ళికో చెప్పింది. తర్వాత మెత్తటి బ్రష్షుతో తుడిచాం. ఫ్యాను కింద చీటీ కనబడింది, బియ్యపు గింజ అంత అక్షరాలు. భూతద్దం పెట్టి పద్నాలుగు అక్షరాలూ అంకెలూ చదివాను. చెల్లెలు రాసుకుంది. తిరిగి నేను చదివాను, అది సరిచూసింది. ముప్పై ఒక్క ఏళ్ళ నా ఉద్యోగం ఆ రోజు కోసమే చేసినట్టుంది.

పేరు దొరికాక డ్రైవర్ వెతకడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అంతకు ముందు ఎక్కించినవన్నీ తీసేసి, కొత్తది ఎక్కించింది కోడలు. "ఇప్పుడు తెర ఆరిపోతాది, బయపడొద్దు" అంది. ఆరిపోయింది. నల్లటి తెరలో ముగ్గురి ముఖాలూ కనిపించాయి. సరిగ్గా అప్పుడే షెడ్డులో ఎక్కడో పోగు తెగినట్టుంది, ఒక మగ్గం ఆగింది. చెల్లెలు నా మణికట్టు పట్టుకుంది. వెలిగి, మళ్ళీ ఆరింది. నేను మనసులో అంకెలు లెక్కపెడుతున్నాను. పదిహేడు దగ్గర తెర వెలిగింది.

నాయన సన్నబడ్డాడు. పక్కటెముకలు లెక్కపెట్టగలిగే మా నాయన, మెడా, దవడా, చెవుల పక్క గుంటలతో సహా తిరిగి వచ్చాడు. ఏ ఇంట్లోనైనా తండ్రి చిక్కిపోతే ఆడపిల్లలు అంత సంతోషించి ఉండరు.

చెల్లెలు మౌసు మీద చెయ్యి వేసింది. తన రుద్రాక్ష పూసను తెరిచింది. తెర మీద అది వేపకాయలా కోలగా, వంకరగా, బట్ట మీద ఉన్నట్టే ఉంది. చెల్లెలు దూరంగా జరిగి, కళ్ళు చికిలించి చూసి, చిన్నప్పటి మాదిరే పెదవి విరిచింది. "థూ, ఎంత వంకరగా ఉండాది!" అంది. అని, పగలబడి నవ్వింది. తన బొమ్మ అంత ఘోరంగా కనిపించినందుకు అలా నవ్విన మనిషిని నేను చూడలేదు. నవ్వు విని మరిది షెడ్డులోంచి పోగు ముడి వేస్తున్న వేళ్ళతోనే వచ్చాడు. "సరి అయ్యిందా?" అన్నాడు. "ఇప్పుడు దా తప్పుగా కనబడతా ఉండాది" అంది చెల్లెలు. ఆయనకు ఏమీ అర్థం కాలేదు గాని, శుక్రవారం మాట మళ్ళీ ఎత్తలేదు. పెట్టె అటక ఎక్కలేదు.

నాయన లెక్కకే పూసను తిరిగి దిద్దింది. గళ్ళు నేను లెక్కపెట్టాను. ఆ సాయంత్రం రెండో విడత అట్టలు కొట్టించి మగ్గానికి మార్చారు. మగ్గం మీది చీర అప్పటికి రెండు మీటర్ల పన్నెండు సెంటీమీటర్లు నేసి ఉంది. కోసేద్దామన్నాడు మరిది. వద్దు, నేయండి, నాకు కావాలి అన్నాను. డ్రైవర్ పేరు, అంకె, ఎక్కించిన గంట అన్నీ డైరీలో రాసి, ఇకపై కంప్యూటర్ తనంతట తాను డ్రైవర్ మార్చుకోకుండా కోడలి చేత ఆపించి, చీకటి పడే రైలుకు బయల్దేరాను. తిరుగు దారిలో సాత్తూరులో దోసకాయ కొన్నాను.

చీర పది రోజులకు వచ్చింది. చెల్లెలికి తర్వాత రెండో కంటి శుక్లం కూడా తీశారు. ఇప్పటికీ డిజైన్లు అదే గీస్తోంది. పౌర్ణమికి ఫోను చేస్తుంది. చంద్రుడి గురించి అడగదు, దోసకాయల ధర అడుగుతుంది.

మధ్యాహ్నం చీరలు మడిచేటప్పుడు వంగపండు చీరను ఆఖరున మడిచాను. కోల పూసలు పైకి వచ్చేలా. ఎండకు దారం వేడెక్కి, వేలి కింద ఒక్కో పూస జారుతుంటే, రెండు వందల పన్నెండూ లెక్కపెట్టాను, ఏటా లెక్కపెడతాను. నా డైరీలో ప్రతి రోజుకూ ఒకే వెడల్పు గీత. ఆ పంతొమ్మిది గీతలూ మిగతా వాటిలాగే ఉన్నాయి, స్కేలుతో కొలిచి చూశాను. కళ్ళు పోతున్నాయేమోనన్న భయం ఎవరికీ చెప్పకుండా తెర ముందు కూర్చున్న చెల్లెలికి అవి ఎంత వెడల్పుగా సాగాయో, ఆ లెక్క మాత్రం నాకు ఇంకా తేలలేదు.